బస్తర్ కొలిమి, కోనసముద్రం మూస

1968లో బైలడిల్లా గనుల్లో తవ్వకం మొదలైంది. అప్పటినుంచి బస్తర్ ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గాన కొండలు దిగి విశాఖపట్నం రేవుకు చేరుతోంది. అంతకు ఎన్నో తరాల ముందే ఆ అడవి పల్లెల్లో మనిషి ఎత్తుకు మించని మట్టి కొలుముల్లో ఇనుము తయారయ్యేది. ఇనుము మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా అన్నది దేన్నిబట్టి తేలుతుంది? ఖనిజాన్ని బట్టా, పనివాడి చేతిని బట్టా? ఆ పాత కొలిమిని అడిగి చూద్దాం.

కొలిమిలో ఖనిజాన్నీ కట్టెబొగ్గునూ పొరలుపొరలుగా పోసి, తిత్తులతో ఆగకుండా గాలి ఊదేవారు. బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడి కావాలి. ఇలాంటి కొలిమిలో వేడి సుమారు 1200 డిగ్రీలు. అందుకే ఇనుము కరగదు. ఖనిజంలోని మట్టి, ఇసుక భాగం కరిగి చిట్టెంగా కారిపోతుంది. మిగిలేది స్పంజిలాంటి ఇనుప ముద్ద.

దాన్ని ఎర్రగా ఉండగానే దాగలి మీద పెట్టి సమ్మెటతో బాదుతారు. చిట్టెం చాలావరకు బయటికి పోతుంది. మిగిలిన కొద్దిపాటి చిట్టెం ఇనుముతోపాటే సాగి సన్నని దారాల్లా నిలిచిపోతుంది. అందువల్ల ఆ ఇనుముకు వెదురు గుణం వస్తుంది: నిలువునా బలం ఎక్కువ, అడ్డంగా తక్కువ. ఇందులో కార్బన్ తక్కువ కాబట్టి ఫెరైట్ అనే మెత్తని స్ఫటికాలే ఎక్కువ.

ఇనుమును చల్లారాక కూడా బాదుతూ పోతే స్ఫటికాల అమరికలోని లోపాలు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. లోహం గట్టిపడుతుంది, చివరికి పగులుతుంది. మళ్ళీ ఎర్రగా కాలిస్తే కొత్త స్ఫటికాలు ఏర్పడి మెత్తబడుతుంది. కమ్మరి మాటిమాటికీ కొలిమి దగ్గరకు వెళ్ళేది అందుకే. ఒక ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచి చూడండి. విరిగే ముందు అది ఎలా మొండికేస్తుందో మీ వేళ్ళకే తెలుస్తుంది.

బస్తర్ గుండా పారే ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. అదే గోదావరి పరీవాహకంలో, నేటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. అక్కడ కమ్మర్లు మరో అడుగు వేశారు. ఇనుమును మట్టి మూసలో పెట్టి, కార్బన్ చేరేలా మూసివేసి, గంటల తరబడి కాచారు. కార్బన్ చేరినకొద్దీ ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. కరిగిన ముద్దను మెల్లగా చల్లార్చేవారు. హెన్రీ వాయిసీ అనే భూవిజ్ఞాని రాసిన ఈ పద్ధతి వర్ణన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు.

ఇలాంటి ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. మెల్లగా చల్లారినప్పుడు అందులో సిమెంటైట్ అనే కఠిన పదార్థం విడిగా ఏర్పడుతుంది. మితమైన వేడిలో సాగగొడితే అది వరుసలు కట్టి, కత్తి మీద నీటి అలల్లాంటి చారలుగా కనిపిస్తుంది. వేడి మితిమీరితే సమ్మెట కిందే ముక్కలవుతుంది. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే మార్టెన్‌సైట్ అనే ఇంకా గట్టి, పెళుసైన రూపం వస్తుంది. లోహం ఒకటే, చల్లార్చిన తీరు వేరు!

మరి ఖనిజానికి పాత్ర లేదా? ఉంది. వెనేడియంలాంటి మూలకాలు లేశమాత్రంగా ఉన్నా ఆ చారలకు తోడ్పడతాయని వెర్‌హోవెన్, పెండ్రే 1998లో చూపారు. కానీ ఖనిజంలో దాగిన గుణాన్ని బయటికి తెచ్చేది నిప్పు, సమ్మెట, ఓపిక.

ఈనాడు కొండగావ్ ప్రాంతపు కమ్మర్లు దీపాలు, జింకలు, బొమ్మలు అందంగా చేస్తున్నారు. అయితే వాడేది ఎక్కువగా పాత ఇనుము, ఫ్యాక్టరీ ఇనుము. చేతి పని నిలిచింది, ఖనిజాన్ని ఇనుము చేసే విద్య కనుమరుగైంది. మంట ఏ రంగుకు రావాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన జ్ఞానం చాలావరకు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. మిగిలింది చిట్టెం కుప్పలే. 2010లో బెంగళూరు నియాస్, ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి అలాంటి ఆనవాళ్ళనే నమోదు చేశారు.

మీ ఊరి పక్కన నల్లగా, బరువుగా, గాజులా మెరిసే రాళ్ళ కుప్ప ఉందా? ఉంటే దాన్ని చెదరగొట్టకండి. ఊరి పెద్దలను అడగండి, మీ ఉపాధ్యాయులకు చూపించండి. ఒకప్పుడు అక్కడ ఒక కొలిమి మండిందేమో!