సూచిక గీసిన గిరి

మతాల మీద పరిశోధన చేసేవాళ్లు వ్యాసాల కోసం మొదట తడిమేది సూచికనే. దానికి గట్లు ఎవరు వేశారో అడిగేవాళ్లు తక్కువ. 1940లలో అమెరికాలో ఏర్పడిన క్రైస్తవ వేదాంత గ్రంథాలయాల సంఘం (అట్లా), 1949 నుంచి వచ్చిన పత్రికలకు సూచిక మొదలుపెట్టింది. నేటి అట్లా డేటాబేస్‌కు మూలం అదే. పాదిరీలను తయారుచేసే కళాశాలల అవసరం కోసం పుట్టింది కాబట్టి బైబిలు, చర్చి చరిత్ర దానికి వెన్నెముక అయ్యాయి.

సూచికకు ఇలా గట్లు పడతాయనడానికి ఇంకా స్పష్టమైన సాక్ష్యం లండన్‌లో ఉంది. జె.డి. పియర్సన్ 1958లో తెచ్చిన 'ఇండెక్స్ ఇస్లామికస్' ఇస్లాం మీద 1906–1955 మధ్య వచ్చిన వ్యాసాలను విషయాలవారీగా పేర్చింది. బ్రహ్మాండమైన పనే, కానీ యూరప్ భాషల్లో ఉన్నవే అందులోకి వచ్చాయి. హైదరాబాద్‌లో 1927లో మొదలైన 'ఇస్లామిక్ కల్చర్' ఇంగ్లీషులో వచ్చింది కాబట్టి దానికి చోటు దొరికింది. ఆజంగఢ్ నుంచి 1916లో మొదలైన 'మఆరిఫ్' ఉర్దూది, అందుకే గడప బయటే ఉండిపోయింది. అందులోని పాండిత్యానికేం తక్కువ, భాషే అడ్డొచ్చింది.

ఒక్కడు ఎన్ని భాషలు చదవగలడు, హద్దు ముందే చెప్పాడు కదా అని అనవచ్చు. నిజమే, పియర్సన్‌ను తప్పుపట్టలేం. చిక్కల్లా వాడేవాళ్లతోనే: సూచికలో లేనిది అసలు రాయలేదనుకుంటారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన తెలుగు పత్రిక 'భారతి'లో మన శైవ వైష్ణవాల మీద ఏముందో తెలియాలంటే, ఇలాంటి సూచికలు చాలవు, పాత సంచికల విషయసూచికలు తిరగేయాలి.