పీసా పర్వతముమీది మంచుబాటలు

మనకు ఆషాఢము గడచి శ్రావణమేఘములు కృష్ణా గోదావరుల వరిమళ్లను తడుపుచుండు దినములలో, భూగోళమున దక్షిణార్ధమందున్న న్యూజీలాండు దేశమున శీతకాలము నడిమికి వచ్చియుండును. ఆ దినములలో ఆ దేశపు దక్షిణద్వీపమున, కార్డ్రోనా లోయను ఆనుకొని సాగు పీసా పర్వతశ్రేణి పైభాగమున, సముద్రమట్టమునకు సుమారు 1,500 మీటర్ల యెత్తున పఱచుకొనియున్న మంచునేలమీద, స్వదేశమందలి వేసవిని విడిచి మహాసముద్రములు దాటి వచ్చిన అమెరికా, జపాను మొదలగు దేశముల యువతీయువకులును, ఆ ప్రాంతముననే పెరుగుచున్న బాలబాలికలును, ఒకే బాటపై ఒకరివెనుక నొకరు స్కీలు తొడిగి గంటలకొలది సాగుచుందురు. స్నో ఫార్మ్ అని పిలువబడు ఈ ప్రదేశము 1980 దశకపు చివరి వఱకు గొఱ్ఱెలు మేయు కొండబీడు మాత్రమే. ఆ బీడు, రెండు గోళార్ధముల పందెగాండ్రు శీతకాలపు పోటీలకు సన్నద్ధులగు శిక్షణాక్షేత్రముగా మాఱిన వృత్తాంతము ఆ దేశపు చరిత్రలో చిన్న అధ్యాయమే యైనను, నా దృష్టిలో మిక్కిలి విలువైన అధ్యాయము.

స్కీయింగ్ అనగానే మన పాఠకుల మనస్సున మెదలునది, నిట్రమైన కొండవాలున బాణమువలె క్రిందికి దూకు సాహసికుని రూపము. క్రాస్ కంట్రీ స్కీయింగ్ అట్టిది కాదు. ఇందు పాదము వ్రేళ్లకడ మాత్రమే స్కీకి బిగింపబడి మడమ స్వేచ్ఛగా లేచుచుండును. సమతలము, ఎగుడు, దిగుడు అన్నింటిని పందెగాడు తన కాళ్ల బలముతోను, రెండు చేతికఱ్ఱల పోటుతోను, తన ఊపిరితోను దాటవలసినదే గాని పైకి లాగు త్రాడు గాని యంత్రము గాని యుండదు. పది కిలోమీటర్లు మొదలుకొని యేబది కిలోమీటర్ల వఱకు సాగు ఈ పందెములలో గెలుచుట ధైర్యమువలన గాక దీర్ఘకాలసాధనవలన సిద్ధించును. ఉన్నతశ్రేణి పందెగాండ్రు ఏటికి 800, 900 గంటలు సాధనచేయుదురు. అందు అత్యధికభాగము శ్వాస బిగియనంత మెల్లని నడకగానే సాగును. సంగీతవిద్యార్థి కచేరీకి ముందు ఏండ్లకొలది సరళీస్వరములు పాడుకొన్నట్లు, పదునాలుగు పదునైదేండ్ల వయస్సునుండి మెల్లగా, ఎక్కువసేపు, అదే అడుగును వేలమారులు వేయుటయే ఈ విద్యకు మూలము. మంచు లేని నెలలలో చిన్నచక్రములు గల రోలర్ స్కీలపై తారుబాటలమీద పరుగిడుట, చేతికఱ్ఱలతో కొండల నెక్కుట, కాలినడకన దూరములు పోవుట జరుగును గాని, మంచుమీద శరీరపు భారము ఒక కాలినుండి రెండవ కాలికి మాఱునపుడు కావలసిన సూక్ష్మమైన తూకమును మంచు తప్ప మఱియేదియు నేర్పజాలదు. ఉత్తరదేశముల వారు ఆగస్టునెలలో ఇంత దూరము వచ్చుటకు కారణమిదియే.

ఈ కొండలలో మంచు మనుష్యునకు మొదట మిత్రముగా కనబడలేదు. 1862లో కార్డ్రోనా లోయలో బంగారము దొరకెను. దొరికినంతనే నానాదేశములనుండి జనులు గుడారములతో వచ్చి చేరిరి. మఱుసటి యేడు, అనగా 1863 శీతకాలమున, ఓటాగో మండలపు బంగారుభూములలో కురిసిన మహాహిమపాతమున, ఓల్డ్ మాన్ పర్వతశ్రేణిపై దారి తప్పి, చలికి కొయ్యబాఱి, పెక్కుమంది గనిపనివారు ప్రాణములు కోలుపోయిరి. వారి స్మృతికై గార్జ్ క్రీక్ కడ నెలకొల్పబడిన స్తంభము నేటికిని నిలిచియున్నది. బంగారము తఱుగగా భూమి గొఱ్ఱెలపాలయ్యెను. 1895లో మఱియొక ఘోరహిమపాతము దక్షిణద్వీపపు కొండబీళ్లపై లక్షలకొలది గొఱ్ఱెలను బలిగొని, పశుపాలకుల ఇండ్లలో తరములపాటు మఱపురాని గాథ యయ్యెను. తాస్మన్ సముద్రమున కావలియొడ్డున, ఆస్ట్రేలియాలోని కియాండ్రా బంగారుగనులలో, 1861 ప్రాంతముననే నార్వేజియనులు పలకలు చెక్కి కాళ్లకు కట్టుకొని మంచుపై జాఱుచు వినోదించుచుండగా, న్యూజీలాండు కొండలలో మంచు కురిసిననాడు తలుపు మూసికొని కూర్చుండుటయే చాలకాలము వివేకముగా చెల్లెను.

ఆ దేశపు స్కీచరిత్రకు ఆరంభముగా తఱుచు చెప్పబడు ఘట్టము 1893 నాటిది. మార్మడ్యూక్ డిక్సన్, జార్జి మానరింగ్ అను పర్వతారోహకులు ఔరాకీ శిఖరమును, అనగా 3,724 మీటర్ల మౌంట్ కుక్కును, ఎక్కజూచుచు గ్రాండ్ ప్లేటో అను మంచుపీఠమును దాటుటకు, పంటకోతయంత్రపు చెక్కరెక్కలతో స్కీలను స్వయముగా తయారుచేసికొనిరి. పొలములో కోతకు నియుక్తమైన కొయ్య పర్వతముమీద మంచుబాటకు ఉపకరించిన ఈ యుదంతము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఏలనన, ఏ సహాయమును లేని వలసదేశమున రైతుబిడ్డల చేతిపనియే తొలి శాస్త్రమై నిలిచినది.

పిదప 1910 నవంబరులో కెప్టెన్ స్కాటు దక్షిణధ్రువయాత్రకై టెరా నోవా నౌకలో న్యూజీలాండు తీరమునుండి బయలుదేరునప్పుడు, ఆ నౌకలో ట్రిగ్వే గ్రాన్ అను నార్వే యువకుడుండెను. ఇరువదిరెండేండ్ల ఆ యువకుని, నార్వే ధ్రువాన్వేషకుడగు నాన్సెన్ మహాశయుని సలహాననుసరించి, తన అనుచరులకు స్కీవిద్య నేర్పుటకై స్కాటు వెంట గొనిపోయెను. నడివయస్సువారైన నావికులకును శాస్త్రజ్ఞులకును కొన్ని నెలలలో నేర్పబోయిన ఆ విద్య, అదే ధ్రువమునకు పోటీగా పోవుచున్న నార్వే నాయకుడు అముండ్సెనుయొక్క, బాల్యమునుండి స్కీలమీదనే పెరిగిన అనుచరుల నేర్పుకు సాటి రాలేదు. 1911 డిసెంబరు 14న అముండ్సెను ధ్రువమును చేరెను; స్కాటు 1912 జనవరి 17న చేరి తిరుగుత్రోవలో మరణించెను. ఆ యోటమికి గుఱ్ఱములు, ఆహారము, వాతావరణము మొదలగు కారణములు పెక్కు కలవు. అయినను ఈ విద్య చిన్ననాడే పట్టుపడవలసినదనుటకు ఇంతకంటె ఘనమైన నిదర్శనమును నేనెఱుగను. స్కాటు గుడారమును 1912 నవంబరులో కనుగొనిన అన్వేషకులలో గ్రానును ఒకడు. అతడు స్కాటు స్కీలను తన కాళ్లకు తొడిగికొని వెనుకకు వచ్చెను; ఆ స్కీలైనను యాత్రను పూర్తిచేయవలెనని యతని సంకల్పము. ఈ మరణవార్త 1913 ఫిబ్రవరిలో న్యూజీలాండులోని ఓమారూ రేవునుండి లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేడే, ఉత్తరద్వీపమున రువాపేహూ అగ్నిపర్వతపు మంచుపై బిల్ మీడ్, బెర్నార్డ్ డ్రేక్ అను మిత్రులు స్కీలతో తిరుగాడి ఆ దేశపు ప్రథమ స్కీసంఘమును స్థాపించిరి.

ఆ తొలినాటి స్కీగాండ్రందఱును ఒక విధముగా క్రాస్ కంట్రీ వారే. కొండ నెక్కవలెనన్న స్వశక్తిచే నెక్కవలసినదే గదా! 1947లో క్వీన్స్‌టౌన్ సమీపమున కొరొనెట్ పీక్ కడ త్రాడులాగు యంత్రమును, 1954లో రువాపేహూపై కుర్చీలిఫ్టును వచ్చిన పిమ్మట స్థితి మాఱెను. ఎక్కుట యంత్రమునకును, దిగుట మనుష్యునకును వంతులయ్యెను. ఎవరెస్టును 1953లో అధిరోహించిన హిల్లరీని కన్న దేశమునకు శిఖరములయందును వాలులయందును గల మక్కువ సహజమే. 1952లో ఓస్లో శీతకాల ఒలింపిక్కులకు ప్రప్రథమముగా పంపబడిన న్యూజీలాండు క్రీడాకారులు ముగ్గురును వాలుపందెములవారే. జర్మనీనుండి వచ్చి ఆర్థర్స్ పాస్ కడ స్కీవ్యాపారము నెలకొల్పిన ఆస్కార్ కోబెర్గర్ వంశమున పుట్టిన ఆన్నెలీస్ కోబెర్గర్ 1992లో సాధించిన రజతపతకము, దక్షిణార్ధగోళమునకే తొలి శీతకాల ఒలింపిక్ పతకము, అదియును వాలుపందెముననే. సమతలపు స్కీయింగ్ ఎవరికిని పట్టని విద్యగా ఒకమూల మిగిలిపోయెను. 1988లో కాల్గరీ ఒలింపిక్కులలో క్రాస్ కంట్రీ పందెములందు పాల్గొని, ఆ సంవత్సరమే సియోలులో సైకిలుపందెమునందును పాల్గొనిన మడోనా హారిస్ వంటివారు ఒంటరిగా ముందునడచినవారు. వారికి స్వదేశమున తీర్చిన మంచుబాటలు మిక్కిలి అరుదు.

ఆ బాటలను కల్పించినవారు కార్డ్రోనా లోయలోని గొఱ్ఱెలరైతులగు జాన్ లీ, మేరీ లీ దంపతులు. 1980లో లోయకు ఒకవైపున కార్డ్రోనా వాలుక్రీడాస్థలమును తెఱపించిన జాన్ లీ, ఆ దశకపు చివరలో ఎదుటివైపునగల వైయోరౌ బీడును క్రాస్ కంట్రీ స్కీయింగునకు అంకితము చేసెను. ఇందలి భౌగోళికరహస్యమును గమనింపుడు. మధ్య ఓటాగో పర్వతములు పడమటి ఆల్ప్సువలె వాడిమొనలు గలవి గావు. పురాతనమైన షిస్టుశిలల మేడవంటి పీఠములు పైకి లేచి, శిరస్సున విశాలమై, టస్సాక్ గడ్డితోను అక్కడక్కడ నిలువురాళ్లతోను మెల్లగా అలలువాఱుచుండును. పీసాశిఖరము 1,963 మీటర్ల యెత్తు గలదైనను దానిమీద నిలిచినవానికి కొండకొమ్మున నున్నట్లు గాక మైదానమున నున్నట్లే తోచును. వాలుక్రీడకు ఏమాత్రము పనికిరాని ఈ లక్షణమే సమతలపు స్కీయింగునకు వరమయ్యెను. లీ దంపతులు చూచినది ఇదియే. ఇతరులు లోపముగా నెంచినదానిని వారు గుణముగా గ్రహించిరి.

కాలమును వారికి కలిసివచ్చెను. 1982లో ప్రపంచకప్పు గెలిచిన అమెరికా వాడు బిల్ కోక్ స్కేటింగు అడుగును ప్రచారములోనికి తెచ్చిన పిమ్మట, ఆ దశకపు నడుమ అంతర్జాతీయ స్కీసంఘము క్లాసిక్, ఫ్రీ అని రెండు పద్ధతులను విడివిడిగా గుర్తించెను. పూర్వము రెండు సన్నని గాడులు చాలుచుండగా, ఇపుడు కాళ్లను ఇరువైపులకు చాచి త్రోయుటకు వెడల్పైన చదునైన బాట యంత్రముతో దున్ని నునుపుచేయబడవలెను. ఏబది కిలోమీటర్ల పైబడిన అట్టి బాటలు పీసాపై సిద్ధమగుటతో, సముద్రమట్టమునకు మఱీ యెత్తునను గాక మఱీ తక్కువ యెత్తునను గాక యున్న ఆ తలము శిక్షకుల దృష్టి నాకర్షించెను. పైన బసలో నిదురించి పైననే సాధనచేయవచ్చును. లేదా 300 మీటర్ల లోపు యెత్తున నున్న వానకా పట్టణమున విశ్రమించి ప్రతిదినము పైకి పోవచ్చును. ఋతువుల ఈ తలక్రిందులవలననే ఉత్తరదేశపు మోటారుకార్ల తయారీదారులును తమ వాహనములను మంచుపై పరీక్షింప పీసాకు వచ్చుచుందురు; ఆ పరీక్షాక్షేత్రమును లీ కుటుంబపు ఆలోచనయే.

ఆగస్టు శిబిరములలో జరుగునది చూచువారికి ఆశ్చర్యము గొలుపును. పందెముల వేడి యచట కానరాదు. ఉదయమున రెండు మూడు గంటలు, సాయంకాలము మఱికొంతసేపు, మాటలాడుకొనగలిగినంత నెమ్మదిగా ప్రపంచవిఖ్యాతులు సాగిపోవుచుందురు. వారమునకు రెండుమూడు దినములు మాత్రమే తీవ్రమైన పరుగు. వారి ప్రక్కనే స్థానికబాలలు అదే బాటపై తమ శక్తికి తగినంత సాగుచు, అడుగు తీరును కన్నులతో గ్రహింతురు. గ్రంథములలో దొరకని విద్య ఇట్లు దొరకును. 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్కులందు కిక్కన్ రాండల్, జెస్సీ డిగ్గిన్స్ గెలుచుకొనిన స్వర్ణపతకము, అమెరికాకు క్రాస్ కంట్రీయందు తొలి స్వర్ణము. అంతకు పూర్వము వారి జట్టు పలు ఆగస్టులు పీసామీద గడపినది. సాధనకాలము ముగియువేళ, మనకు భాద్రపదము సమీపించుచుండగా, మెరినో మస్టర్ అను 42 కిలోమీటర్ల పందెము అచట జరుగును. ఇది స్వీడను దేశపు 90 కిలోమీటర్ల వాసలోపెట్ వంటి మహాపందెములతోపాటు వరల్డ్‌లోపెట్ కూటమిలో చేరియున్నది. అదే దినమున పిల్లలకును కొత్తవారికిని కొద్దిదూరపు పందెములు నడచును. లీ దంపతుల తరువాత ఈ క్షేత్రము వ్యాపారుల చేతులలో పడక, పీసా ఆల్పైన్ చారిటబుల్ ట్రస్టు నిర్వహణలోనికి వచ్చుట ఆ ప్రాంతపు జనుల యభిమానమునకు గుఱుతు.

అయినను ఒక లోటు నన్ను బాధించుచున్నది. ఉత్తరదేశపు బాలునకు పీసా రెండవ శీతకాలము. న్యూజీలాండు బాలునకు అదియే మొదటిదియు, ధనము లేనిచో చివరిదియు. మూడునెలల మంచు ముగిసిన పిమ్మటనే అసలు పోటీలు ఐరోపాలో ప్రారంభమగును. అచటికి పోవుటకు, నెలలకొలది నిలుచుటకు, చదువు నడుపుకొనుటకు కావలసిన వ్యయము సామాన్యకుటుంబములకు మోయరానిది. 2010లో వాంకోవరునందు బెన్ కూన్స్, కాథరిన్ కాల్డర్ ఆ దేశము పక్షమున క్రాస్ కంట్రీ పందెములలో నిలిచిరి. వానకా ప్రాంతమున పెరిగి, స్నో ఫార్మ్ బాటలపై అడుగులు నేర్చిన కాంప్‌బెల్ రైట్, స్కీపరుగుతో తుపాకిగుఱిని జోడించు బయాథ్లాన్‌లో 2022 బీజింగ్ ఒలింపిక్కులకు న్యూజీలాండు క్రీడాకారుడుగా పోయెను. తల్లిదండ్రులు అమెరికా వారగుటచే పిదప 2023లో అమెరికా జట్టున చేరి, 2025లో లెంజర్‌హైడె ప్రపంచపోటీలలో రెండు రజతపతకములు గెలిచెను. అతనిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. శిక్షకులు, స్కీలకు మైనము పూసి తీర్చు నిపుణులు, ప్రయాణవ్యయము సమకూర్చు సంస్థ యున్న జట్టును యువకుడు కోరుట న్యాయమే. తప్పు పీసాది కాదు, బాలునిది కాదు. క్షేత్రమును పరదేశీయులకు సంతోషముగా తెఱచియిచ్చిన దేశము, ఆ క్షేత్రముననే పెరిగిన తన పిల్లలకు ఉత్తరపు శీతకాలమును కొనియిచ్చు వెచ్చమును భరింపవలసియున్నది. ఆ పని ఇంకను జరుగవలసియేయున్నది.

ఆక్లండు, వెల్లింగ్టను, క్రైస్ట్‌చర్చి నగరములలో నేడు మన తెలుగుకుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. వారు శీతకాలపు సెలవులలో పిల్లలకు మంచు చూపుటకై కొండలకు పోవుదురు. ఒక్కమారు కార్డ్రోనా లోయదారిని పీసాపైకి గూడ పోవలెనని వారికి నా మనవి. స్కీలు అచటనే అద్దెకు దొరకును, నేర్పువారు నుందురు, ఎనిమిదేండ్ల బిడ్డయైనను మొదటిదినముననే పడుచు లేచుచు నాలుగడుగులు ముందుకు సాగగలదు.