నిరాకారుని రూపము: క్రైస్తవమున ప్రతిమా వివాద చరిత్ర

కంటికి కనబడనివానిని కన్నులారా చూడవలెనను తపన భక్తునికి సహజము. ఆ తపన యుక్తమా, అయుక్తమా అను విచారణ క్రైస్తవ మతమున ఒక మహాసామ్రాజ్యమును 100 సంవత్సరములకు పైగా కుదిపినది. అది శాస్త్రచర్చతో ముగియలేదు. పీఠాధిపతులు పదవులు కోల్పోయిరి. సన్న్యాసులు చెరసాలల పాలైరి. తుదకు నేటికిని నిలిచియున్న ఒక సిద్ధాంతము వెలువడినది. ప్రతిమకు మ్రొక్కువాని మనస్సు ఎక్కడ నిలుచుచున్నదని విచారించు జిజ్ఞాసువులకు ఆ చరిత్ర తెలిసికొనదగినది.

మోషేకు సీనాయి పర్వతముపై లభించినవని క్రైస్తవులు విశ్వసించు పది ఆజ్ఞలలో, విగ్రహములను చేసికొని వాటికి సాగిలపడరాదను నిషేధము కలదు. అదే నిర్గమకాండమున, నిబంధన మందసముపై రెక్కలు చాచిన రెండు కెరూబుల స్వర్ణప్రతిమలను నిలుపుమను విధియు కలదు. ఎడారిలో పాముకాటు తిన్నవారు చూచి బ్రదుకుటకై మోషే ఇత్తడి సర్పమును చేయించెను. కాలాంతరమున ప్రజలు దానికే ధూపము వేయుచుండగా హిజ్కియా రాజు దానిని పగులగొట్టించెను. నిషేధము, విధి, దుర్వినియోగము మూడును ఒకే గ్రంథమున నుండుటచేత, తరువాతి కాలపు ఉభయపక్షములవారికిని ప్రమాణములు అక్కడనే దొరకినవి.

తొలి శతాబ్దముల క్రైస్తవులు ప్రధానముగా సంకేతములను ఆశ్రయించిరి. చేప, లంగరు, గొఱ్ఱెను భుజమున మోయు కాపరి వంటి చిత్రములు రోము నగరపు భూగర్భ శ్మశానములలో నేటికిని కనబడుచున్నవి. సిరియాలోని డ్యూరా-యూరోపోస్‌ నగర శిథిలములలో బయల్పడిన 3వ శతాబ్దపు ప్రార్థనాగృహపు గోడపై, క్రీస్తు పక్షవాతరోగిని స్వస్థపరచు దృశ్యము కలదు. 6వ శతాబ్దము నాటికి కొయ్యపలకలపై చిత్రించిన 'ఐకాన్‌లు' ఆలయములందును గృహములందును వెలసినవి. 692లో కాన్‌స్టాంటినోపుల్‌ నగరమున జరిగిన సభ, క్రీస్తును గొఱ్ఱెపిల్ల సంకేతముగా గాక మానవరూపముననే చిత్రింపవలెనని శాసించెను. భగవంతుడు నిజముగా దేహధారియై వచ్చెనను విశ్వాసమును ఆ రూపము స్మరింపజేయునని ఆ సభ తలంపు.

ఇంతలో కాలము ప్రతికూలించినది. అరబ్బుల దండయాత్రలలో సిరియా, పాలస్తీనా, ఈజిప్టు దేశములు సామ్రాజ్యము చేజారినవి. దైవాగ్రహమునకు కారణమేమని జనులు చింతించుచుండిరి. 726లో ఏజియన్‌ సముద్రమున థీరా ద్వీపము చెంత అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. చక్రవర్తి 3వ లియో దానిని ప్రతిమారాధనపై దైవము చూపిన కోపముగా భావించెనని చరిత్రకారులు వ్రాసిరి. 730లో ఆయన ప్రతిమలను నిషేధింపగా, సమ్మతింపని వృద్ధ పేట్రియార్క్‌ జెర్మానోస్‌ పీఠమును వీడెను.

ప్రతిమానిషేధకులను కేవల విధ్వంసకులుగా తలచుట న్యాయము కాదు. లియో కుమారుడు 5వ కాన్‌స్టాంటైన్‌ 754లో హియరియా యందు కూర్చిన సభకు 338 మంది బిషప్పులు వచ్చిరి. వారి తర్కము సూక్ష్మమైనది. క్రీస్తునందు దైవత్వము, మానవత్వము రెండును కలవు. చిత్రకారుడు మానవత్వమును మాత్రమే చిత్రించినచో ఒక్కనిని ఇద్దరుగా చీల్చినట్లగును. రెంటిని చిత్రించితిననినచో అపరిమితమైన దైవత్వమును రేఖలలో బంధించినట్లగును. కావున పవిత్ర సంస్కారమునందలి రొట్టె, ద్రాక్షారసములే క్రీస్తునకు సత్యమైన ప్రతిరూపములని వారు నిర్ణయించిరి.

ఈ పక్షమునకు తొలి సమగ్రమైన సమాధానము, సభకు పూర్వమే, సామ్రాజ్యపు ఎల్లలకు ఆవలినుండి వచ్చినది. డమాస్కస్‌ వాసియగు యోహాను ఖలీఫాల ఏలుబడిలో నుండెను గనుక చక్రవర్తి హస్తము ఆయనను అందుకొనలేకపోయెను. ఆయన రచించిన మూడు ప్రబంధముల సారమిది: నిరాకారుడగు దేవుని చిత్రింపబూనుట అవివేకమే, కాని ఆ దేవుడే మాంసదేహముతో మనుష్యుల నడుమ సంచరించిన పిమ్మట, ఆ కనబడిన రూపమును చిత్రించుట దోషము కాదు. ద్రవ్యమును ఆరాధింపరాదు, ద్రవ్యమున ప్రవేశించి రక్షణ కలిగించిన ద్రవ్యస్రష్టను ఆరాధింపవలెను. ఆయన గౌరవమును రెండుగా విభజించెను. 'లాత్రియా' యను పరమారాధన దేవునికి మాత్రమే చెందును. 'ప్రోస్కునేసిస్‌' అను వందనము సత్పురుషులకును, పవిత్రవస్తువులకును, చిత్రములకును చేయదగును. చిత్రమునకు చేసిన వందనము మూలరూపమునకే చేరునని 4వ శతాబ్దపు గురువు బసిలు చెప్పిన న్యాయమే దీనికి ఆధారము.

787లో రాజమాత ఐరీన్‌ పాలనలో నైసియా నగరమున కూడిన మహాసభ ఈ భేదమునే అంగీకరించెను. చిత్రములను పవిత్రము చేయు ప్రార్థన యేదియు లేదు గదా యని ప్రతిపక్షులు ఆక్షేపించియుండిరి. నామము చాలునని, చిత్రము ఎవరి పేరు ధరించునో ఆ పేరే దానికి పవిత్రతను ఇచ్చునని సభ సమాధానమిచ్చెను. ఈ భావనను ఆగమోక్తమైన ప్రాణప్రతిష్ఠతో ఒకటిగా తలచరాదు. ప్రతిష్ఠిత మూర్తియందు దేవతాసాన్నిధ్యమును ఆగమము చెప్పుచుండగా, ఐకానులో స్వభావము గాక రూపసామ్యము, నామము మాత్రమే కలవని ఆ సభ సిద్ధాంతము. ఈ కారణముననే పూర్వదేశ క్రైస్తవ చిత్రములపై నామలేఖనము తప్పక కనబడుచుండును.

వివాదము అంతటితో ఆగలేదు. 815లో 5వ లియో నిషేధమును మరల విధించెను. స్టుడియోస్‌ మఠాధిపతి థియోడోరు ప్రవాసశిక్ష ననుభవించుచునే ప్రతిమాపక్షమున గ్రంథములు రచించెను. థియోఫిలోస్‌ చక్రవర్తి కాలమున థియోడోరు, థియోఫనేస్‌ అను సన్న్యాసులగు సోదరులిద్దరి ముఖములపై నిందాపద్యములను పచ్చ పొడిపించిరి. నాటినుండి వారికి 'వ్రాత ముఖమువారు' అను అర్థమిచ్చు 'గ్రాప్టోయ్‌' యను బిరుదు నిలిచెను. చిత్రమున ముఖమును గౌరవించుటకై వారు తమ ముఖములనే అర్పించిరి. 842లో చక్రవర్తి మరణింపగా, ఆయన భార్య థియోడోరా 843లో ప్రతిమలను పునరుద్ధరించెను. ఆ దినమును పూర్వదేశ సంఘములు ఈస్టరుకు ముందటి ఉపవాసకాలపు తొలి ఆదివారమున నేటికిని ఉత్సవముగా జరుపుచున్నవి.

పాశ్చాత్యదేశముల మార్గము వేరు. 600వ సంవత్సర ప్రాంతమున పోపు గ్రెగరీ, చిత్రములను పగులగొట్టిన మార్సే బిషప్పునకు లేఖ వ్రాసి, చదువురానివారికి అవి గ్రంథముల వంటివనియు, ఆరాధింపరాదనియు, ధ్వంసము చేయరాదనియు తెలిపెను. నైసియా నిర్ణయములు లాటినులోనికి వచ్చునప్పుడు ఆరాధన, వందనముల భేదము అనువాదమున చెరిగిపోయెను. చార్లెమాన్‌ పండితులు ఆగ్రహింపగా, 794లో ఫ్రాంక్‌ఫర్ట్‌ సభ దానిని తిరస్కరించెను. సంస్కరణకాలమున జ్యూరిక్‌లో 1524లో ఆలయముల నుండి చిత్రములు తొలగింపబడినవి. 1566లో నెదర్లాండ్సు ఆలయములలో విగ్రహములు పగిలినవి. 1563లో ట్రెంట్‌ సభ ప్రతిమావందనమును సమర్థించెను. తెలుగునేలపై గుణదల కొండమీది మరియమాత విగ్రహమునకు మ్రొక్కువారును, విగ్రహములేని ప్రార్థనామందిరమున గ్రంథమునే ఆశ్రయించువారును కనబడుట ఆ పాత చీలిక ఫలితమే.

సీనాయి పర్వత పాదమున సెయింట్‌ కేథరిన్‌ మఠమున 6వ శతాబ్దపు క్రీస్తు చిత్రమొకటి కలదు. కరిగించిన మైనమున రంగులు కలిపి దానిని చిత్రించిరి. ముఖమున ఒక పార్శ్వము ప్రశాంతముగను, మరియొకటి కఠినముగను తోచును. నిషేధకాలమున ఆ ప్రదేశము ఖలీఫాల రాజ్యమున నుండుటచేత చక్రవర్తుల శాసనము దానిని తాకలేదు. సామ్రాజ్యమున అట్టివి ఎన్నియో నశించినవి. ద్రవ్యము నశ్వరమని నిషేధకులు పలికిన మాట సత్యమే. ఆ నశ్వరద్రవ్యము గుండానే తమ ప్రభువు ముఖము తమకు దొరకినదని యోహాను పక్షమువారు నమ్మిరి. ఆ చిత్రము నేటికిని నిలిచియున్నది.