దొడ్డవరం నుండి స్వర్గసీమకు

భానుమతి పేరు వినగానే చాలామందికి ‘అత్తగారి కథలు’ జ్ఞప్తికి వస్తాయి. నాకు మాత్రం వాటికి మునుపటి బాలికపైననే ఆసక్తి.

ఆమె 1925 సెప్టెంబరు 7న ఒంగోలు ప్రాంతపు దొడ్డవరంలో జన్మించినది. తొలి సంగీతగురువు తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారే. 1939లో సి.పుల్లయ్య ‘వరవిక్రయం’లో కాళిందిగా తెరకెక్కినది. అది కట్నపు పెళ్ళికి తలయొగ్గక ప్రాణం విడిచే పిల్ల పాత్ర. నాయకుడు తన కుమార్తెను తాకరాదని తండ్రి షరతు విధించారని చెబుతారు.

1943లో పి.ఎస్.రామకృష్ణారావును ప్రేమించి పెళ్ళాడి, నటనకు స్వస్తి చెప్పదలచినది. బి.ఎన్.రెడ్డి ‘స్వర్గసీమ’ (1945) ఆమెను మరల రప్పించినది. అందులో వలపు వల విసిరే నటి పాత్ర ఆమెది. ‘ఓహో పావురమా’ పాటకు ‘బ్లడ్ అండ్ శాండ్’ (1941) ప్రేరణ అంటారు. అందులో నటించిన రీటా హేవర్త్ స్పెయిన్ నర్తకుని కుమార్తె. 1953లో భానుమతి ‘చండీరాణి’ని మూడు భాషలలో స్వయంగా దర్శకత్వం వహించి తీసినది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వసతిగృహాలలో ఉండి చదువుకొనే ఆడపిల్లలను చూచినపుడెల్లా వెంకటసుబ్బయ్యగారు తలపునకు వస్తారు. షరతు పెట్టినదీ ఆయనే, గడప దాటించినదీ ఆయనే. ఈ రెంటిలో దేనిని ముందు చెప్పుకోవాలి? మీ అభిప్రాయం వ్రాయగలరు.