వీడియో కాల్‌లో కనిపించని జబ్బు: ఎన్‌పీహెచ్‌ను డాక్టర్లు ఎలా గుర్తిస్తారు?

మా నాన్నగారికి 74 ఏళ్లు. అమ్మా నాన్నలు విజయవాడలో, నేను డల్లాస్‌లో. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసేవాణ్ణి. చెప్పిన మాట మర్చిపోతున్నారని తెలుస్తూనే ఉంది. "పెద్దతనం కదరా, మామూలే" అనేది అమ్మ. ఒక డాక్టర్ అల్జీమర్స్ అని మాత్రలు రాశారు. రెండేళ్లు అలాగే గడిచాయి.

సెలవు పెట్టి ఇంటికి వెళ్లాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఫోన్‌లో నేను చూసింది ముఖమే, నడక కాదు. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు, కాళ్లు ఎడంగా పెట్టి చిన్న చిన్న అడుగులు వేస్తున్నారు. బాత్రూమ్‌కి వెళ్లేలోపే బట్టలు తడుస్తున్నాయి. ఆ మాట ఫోన్‌లో చెప్పడానికి అమ్మకు మొహమాటం.

నడక, మూత్రం, మతిమరుపు. ఈ మూడూ కలిసి కనిపిస్తే న్యూరాలజిస్టులు 'నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్' ఉందేమోనని చూస్తారు. మెదడులోని వెంట్రికల్స్ అనే గదుల్లో ద్రవం పేరుకుని అవి ఉబ్బుతాయి. ద్రవం పీడనం కొలిస్తే మాత్రం సాధారణంగానే ఉంటుంది, అందుకే ఆ పేరు. కొలంబియాకు చెందిన సాలమోన్ హకీమ్, అమెరికాకు చెందిన రేమండ్ ఆడమ్స్ 1965లో దీన్ని వివరించారు.

నిర్ధారణ మూడు దశల్లో జరుగుతుంది.

1. లక్షణాల వరస: ఇందులో ఎక్కువగా ముందు చెడేది నడక. అల్జీమర్స్‌లో ముందు జ్ఞాపకశక్తి తగ్గుతుంది. పార్కిన్సన్స్, వెన్నుపూస సమస్యలు, బీ12 లోపం కూడా ఉన్నాయేమో చూస్తారు.

2. ఎంఆర్ఐ: వెంట్రికల్స్ వెడల్పును పుర్రె లోపలి వెడల్పుతో భాగిస్తే వచ్చేది ఎవాన్స్ ఇండెక్స్. అది 0.3 దాటితే గదులు పెద్దవైనట్టే. అయితే మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దవిగా కనిపిస్తాయి కాబట్టి స్కాన్ ఒక్కటే చాలదు.

3. ట్యాప్ టెస్ట్: నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం తీస్తారు. దానికి ముందూ తర్వాతా నడిపించి పోలుస్తారు. నాన్నగారికి వరండా దాటడానికి ముందు 31 సెకన్లు పట్టింది, ఆ సాయంత్రం 19 సెకన్లే. మార్పు కనిపించనంత మాత్రాన జబ్బు లేదని కాదు. కొందరికి సన్నని గొట్టం పెట్టి రెండు మూడు రోజులు ద్రవం తీసి చూస్తారు.

తర్వాత నాన్నగారికి షంట్ ఆపరేషన్ జరిగింది. అదనపు ద్రవాన్ని చర్మం కింద నుంచి కడుపులోకి పంపే గొట్టమిది. ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం ప్రమాదాలు ఉన్నాయని డాక్టర్ ముందే చెప్పారు. ఇప్పుడు నాన్నగారు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి పాలు తెస్తున్నారు. మరుపు మాత్రం పూర్తిగా పోలేదు. నడక కోలుకున్నంతగా జ్ఞాపకశక్తి కోలుకోదట, ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుందట.

మతిమరుపంతా ఎన్‌పీహెచ్ కాదు. అయినా ఈసారి కాల్ చేసినప్పుడు ఫోన్ ఇంకెవరికైనా ఇచ్చి, అమ్మనో నాన్ననో పది అడుగులు నడిచి వెనక్కి తిరగమనండి. ఆ వీడియో దాచి డాక్టర్‌కు చూపించండి. మూత్రం సంగతి మీరే మెల్లగా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.