సముద్రం అడుగున మన మాంగనీసు

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా తాత మాంగనీసు గనిలో తట్టలు మోశాడు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మా విజయనగరం సీమలోనే మొదలైంది. కోడూరు గనుల్లోని ఒక రాతికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి పేరే పెట్టి కోడురైట్ అన్నాడు. జియాలజీ పాఠం చెప్పిన ఇన్నేళ్లూ ఈ సంగతి గర్వంగానే చెప్పాను. అయితే మనకు ఇంకో మాంగనీసు ఉంది, కన్యాకుమారికి దక్షిణంగా రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరాన, హిందూ మహాసముద్రం అడుగున. దాని చరిత్ర మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ.

ఆ మాంగనీసు అడుగు మీద ఉండలుగా పరచుకుని ఉంటుంది. ఈ ఉండల్ని నోడ్యూల్స్ అంటారు. 1873లో బ్రిటిష్ నౌక ఛాలెంజర్ అట్లాంటిక్ అడుగు నుంచి వీటిని మొదటిసారి పైకి తీసింది. తర్వాత చాలాకాలం వాటి గొడవ శాస్త్రవేత్తలదే. 1965లో జాన్ మెరో అనే అమెరికన్ వాటిలోని నికెల్, రాగి, కోబాల్ట్‌లకు లెక్క కట్టి పుస్తకం వేశాక కంపెనీలు కదిలాయి.

నేను చేతిలోకి తీసుకుని చూసింది పిడికిట్లో ఇమిడేంత ఉండ. పైన గరుకు, నలుపు. వేళ్లకు మసి అంటుతుంది. రంపంతో రెండుగా కోస్తే లోపల పొర మీద పొర, నడిమధ్యన ఓ రాతిపలుకు. కొన్నిట్లో సొరచేప పన్ను ఉంటుంది. నీటిలోని లోహాలు దాని చుట్టూ పేరుకుంటూ వస్తాయి, పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున.

మనవాళ్ల వంతు 1981 జనవరి 26న వచ్చింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారి గవేషణి నౌక అరేబియా సముద్రంలో తొలి ఉండల్ని పట్టింది. ఆ తర్వాత సర్వే మధ్య హిందూ మహాసముద్రానికి మళ్లింది. తాడు లేని గ్రాబ్‌ని బరువులు కట్టి నీళ్లలోకి వదిలేస్తారు. ఐదు కిలోమీటర్ల లోతున అడుగు తగలగానే అది గుప్పెడు మట్టినీ ఉండల్నీ పట్టి, బరువులు వదిలేసి, తేలే గోళాల సాయంతో పైకి వస్తుంది. అలల మధ్య దాన్ని వెతికి పట్టుకోవాలి. ఒక్కో గ్రాబ్ తెచ్చేది కొద్ది కిలోలే. అలా చోటు మార్చి చోటు, లక్షల చదరపు కిలోమీటర్లు వెతికారు. ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఐక్యరాజ్యసమితి పెట్టిన షరతు కూడా నాకు నచ్చింది. సముద్రం అడుగు మీద హక్కు అడిగే దేశం సమాన విలువున్న రెండు భాగాలు చూపాలి. ఒకటి దానికి, రెండోది ప్రపంచం ఉమ్మడి వాటాకి. అన్నదమ్ముల పంపకంలో ఒకడు వాటాలు వేస్తే రెండోవాడు కోరుకున్నట్టే. ఆ లెక్కన 1987 ఆగస్టు 17న భారత్ 1,50,000 చదరపు కిలోమీటర్లకు మార్గదర్శక పెట్టుబడిదారుగా నమోదైంది, ప్రపంచంలో అందరికంటే ముందు. తర్వాత నియమం ప్రకారం సగం వదిలి 75,000 ఉంచుకుంది. అందులో 38 కోట్ల టన్నుల ఉండలు ఉంటాయని అంచనా. వంద కిలోల ఉండల్లో మాంగనీసు 24 కిలోలు, నికెల్, రాగి ఒక్కోటి కిలోకి కాస్త పైన, కోబాల్ట్ 150 గ్రాముల లోపు. బ్యాటరీల కాలంలో అందరి కన్నూ ఆ చివరి గ్రాముల మీదే.

2021లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వారి వరాహ అనే యంత్రం 5,270 మీటర్ల లోతున అడుగు మీద నడిచింది. లోహాలు వేరుచేసే పద్ధతుల్ని భువనేశ్వర్, జంషెడ్‌పూర్ ప్రయోగశాలలు ఏనాడో మొదలుపెట్టాయి. వాణిజ్య తవ్వకం మాత్రం ప్రపంచంలో ఇంకా ఎక్కడా మొదలు కాలేదు.

మొదలు కాకముందే ఒకటి అడగాలి: తవ్విన చోటు ఆ తర్వాత ఏమవుతుంది? మా పక్క తవ్వి వదిలేసిన గోతుల్లో వానకాలం నీళ్లు నిండుతాయి, పశువులు పడతాయి. ఆ గోతులైనా కంటికి కనబడతాయి, పూడ్చమని ఎవరినైనా నిలదీయొచ్చు. సముద్రం అడుగు ఎవరికీ కనబడదు. 1989లో జర్మన్లు పెరూ ఎదుట పసిఫిక్ అడుగుని దున్ని చూశారు; 2015లో వెళ్తే చాళ్లు అలాగే ఉన్నాయి. మనవాళ్లూ 1997లో హిందూ మహాసముద్రం అడుగున ఓ పట్టీని కదిలించి, ఆ తర్వాత కొన్నేళ్లు కొలతలు తీశారు. తవ్వకానికి సంతకం పెట్టే అధికారులు ముందుగా ఆ కొలతలు చదవాలి, వాటిని మన భాషల్లో జనం ముందు పెట్టాలి.