మ్యాజిక్ కత్తిని పొడి చేసే పని ఎవరిది?

ఈరోజు ఒక చిన్న బటన్ చరిత్ర చెప్పుకుందాం.

2004 నవంబర్‌లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చింది. అందులో ఎన్‌చాంటర్ అనే వృత్తి ఉంది. పనికిరాని మ్యాజిక్ కత్తినో, కవచాన్నో ఎన్‌చాంటర్ డిస్‌ఎన్‌చాంట్ చేస్తే వస్తువు శాశ్వతంగా పోతుంది. ఆకుపచ్చ రకమైతే ఎక్కువగా పొడి గానీ ఎసెన్స్ గానీ, నీలం రకమైతే షార్డ్ మిగులుతుంది. వాటితోనే వేరే ఆయుధాలకి మంత్రశక్తి ఎక్కిస్తారు. సోల్‌బౌండ్ అయిపోయిన కత్తిని ఇంకొకరికి అమ్మలేం, కానీ దాన్నుంచి వచ్చిన సరుకుని అమ్ముకోవచ్చు. అసలు కిటుకు అదే!

మొదట్లో డంజన్‌లో ఎవరికీ అక్కర్లేని వస్తువుల్ని టీమ్‌లోని ఎన్‌చాంటర్‌కి వదిలేసేవాళ్లు. షార్డులు చేసి చివర్లో పంచాలి. అంతా నమ్మకం మీదే. తీసుకుని లాగౌట్ అయిపోతే? అంతే సంగతులు.

2009 డిసెంబర్‌లో 3.3 ప్యాచ్ వచ్చింది. టీమ్‌లో తగిన స్కిల్ ఉన్న ఎన్‌చాంటర్ ఒకరుంటే చాలు, అందరి స్క్రీన్ మీదా డిస్‌ఎన్‌చాంట్ బటన్ ప్రత్యక్షం. అది నొక్కి గెలిచినవాళ్లకి నేరుగా షార్డే వస్తుంది. మోసం పోయింది. దాంతోపాటే ఎన్‌చాంటర్‌ని అడగాల్సిన అవసరమూ పోయింది, థ్యాంక్స్ చెప్పాల్సిన అవసరమూ పోయింది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ ఇలాంటి బటన్లు చాలానే కోడ్ చేశాను. ప్రతిదాని వెనకా అంతకుముందు ఒక మనిషి చేసే పని ఉండేది. ఆ మనిషి పేరు ఒక్కసారి కూడా అడగలేదు నేను.

ఉంటా మరి, బై!